బందరులో మిగిలింది సముద్రం ఒక్కటే, అదీ తెచ్చేద్దాం

బెజవాడ నడిబొడ్డున ఉన్నది బందరు రోడ్డు. దానికి మహాత్మాగాంధీ పేరు పెట్టి చాలా కాలమైంది గానీ, ఆటో ఎక్కి ఆ పేరు చెబితే డ్రైవరు మనల్ని పొరుగూరివాళ్లుగా జమకట్టి పది రూపాయలు ఎక్కువ చెబుతాడు. బందరు కాలువా మనదే, మన ఊరి మధ్యనుంచే పోతుంది. బందరు లడ్డు సంగతి చెప్పక్కర్లేదు. ఇంతా చేసి బందరువాళ్ల దగ్గర మిగిలింది సముద్రం ఒక్కటే. దాన్ని కూడా ఇటు తెచ్చేసుకుంటే సుమారు డెబ్బై కిలోమీటర్ల ప్రయాణం తప్పుతుందని సవినయంగా మనవి చేస్తున్నాను.

ఇది గాల్లోంచి పుట్టిన ఆలోచన కాదు. మే నెలలో సకుటుంబంగా వెళ్లి పరిశీలించి వచ్చాను. ఇదివరకైతే కలెక్టరేటులో పనిపడి ఎప్పుడో ఒకప్పుడు బందరు పోక తప్పేది కాదు. 2022లో జిల్లాలు విడగొట్టాక మనం ఎన్టీఆర్ జిల్లా అయ్యాం, కృష్ణా జిల్లా వాళ్లకు మిగిలింది. (బ్యారేజీ మన దగ్గర, నది పేరు వాళ్ల దగ్గర. అన్నదమ్ముల పంపకాల్లో ఇలాంటివి మామూలే.) ఇక బందరుతో మనకున్న చుట్టరికమల్లా చేపలే కదా అని, కారు డిక్కీలో పెద్ద ఐస్‌బాక్సు పెట్టుకుని బయల్దేరాం.

గిలకలదిండి హార్బరులో బోట్లన్నీ వరసగా కట్టేసి ఉన్నాయి. నీడలో కూర్చుని ఒక పెద్దాయన వల బాగుచేసుకుంటున్నాడు.

"బాబాయ్, చందువాలున్నాయా? లేకపోతే వంజరమైనా పర్లేదు" అన్నాను, ఉదారంగా.

ఆయన చేతిలో పని ఆపలేదు. "వేట బంద్ కదండీ. జూన్ 14 దాటాక రండి."

ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు తూర్పు తీరంలో మరబోట్లు వేటకు పోకూడదట. చేపలు గుడ్లు పెట్టే కాలమట. చేపల సంతానం గురించి ఇంత ఆలోచించినవాళ్లు, మన సంతానానికి వేసవి సెలవులు కూడా సరిగ్గా అప్పుడేనన్న సంగతి ఎలా మరిచారో అర్థం కాదు. పోనీ రెండు నెలలు ఆయన ఇల్లెలా గడుస్తుందో అడుగుదామనుకున్నాను. కానీ ఎండ ఎక్కువగా ఉంది, కారులో ఏసీ ఆన్‌లో ఉంది.

చేపలు లేకపోతే చరిత్ర చూద్దామని మా ఆవిడ అంది. బందరుకోట వైపు వెళ్లాం. 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు ఈ ఊళ్లో దుకాణం తెరిచారు. కోరమాండల్ తీరంలో ఇంగ్లీషువాళ్ల మొదటి స్థావరం ఇదే. వాళ్లూ మనలాగే వచ్చారు, అద్దకం బట్టలు బేరమాడి కొనుక్కుపోదామని. కాకపోతే సాయంత్రానికి తిరిగి వెళ్లలేదు. డచ్చివాళ్ల సమాధుల దగ్గర మా బావమరిది సెల్ఫీ తీసుకుని, చాలాసేపు ఆ రాళ్లకేసి చూసి, "పాపం, వీళ్లు ఏ నెలలో వచ్చారో" అన్నాడు.

సముద్రాన్ని తరలించే విషయంలో నాకు ఒక్కచోటే కాస్త జంకు కలిగింది. 1864 నవంబరు 1 రాత్రి తుఫానులో సముద్రం ఎవరూ పిలవకుండానే ఊళ్లోకి వచ్చింది. దాదాపు 30 వేల మంది పోయారు. తెల్లారాక పేర్లు చెప్పి ఏడవడానికి కూడా ఇంట్లో మనిషి మిగలని ఇళ్లు ఎన్నో ఉండి ఉంటాయి. ఆ సంగతి నేను కారులో ఎత్తితే పిల్లలు పాటల సౌండు పెంచారు.

పోర్టు గురించి కూడా రాయకపోతే బాగుండదు. 2008లో శంకుస్థాపన, 2019లో పనుల ప్రారంభం, 2023లో మళ్లీ పనుల ప్రారంభం. రాళ్లు పాతడంలో డచ్చివాళ్లకు మనం ఏమీ తీసిపోము.

మంగినపూడి బీచ్ మీద నాకు గట్టి ఫిర్యాదు ఉంది. టీవీలో చూపించే తెల్ల ఇసుక అక్కడ లేదు. నల్లమట్టి. కాలు పెడితే నాట్లు వేయడానికి దిగినట్టు దిగబడుతోంది. కొత్త చెప్పుల్లో ఒకటి బంగాళాఖాతానికి సమర్పించుకున్నాం.

మధ్యాహ్నం ఒక హోటల్లో చేపల పులుసు దొరికింది. ప్రాణం లేచొచ్చింది. రెండు ముక్కలు తిన్నాక సర్వర్ని పిలిచి, "సముద్రం చేప రుచే వేరయ్యా" అన్నాను. అతను మొహమాటంగా నవ్వి, "ఇది కైకలూరు చెరువు చేపండీ" అన్నాడు.

ఈ హడావుడిలో లడ్డు కొనడం మర్చిపోయాం. ఉయ్యూరు దాటాక గుర్తొచ్చింది. వెనక్కి తిరగడం దేనికని, బెజవాడ వచ్చాక ఇంటి దగ్గరి స్వీటు కొట్లో కిలో తీసుకున్నాం. ఎదురింటి పిన్నిగారికి నాలుగు ఇచ్చి, బందరు నుంచి వస్తున్నామని చెప్పాం. ఆవిడ ఒకటి నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నారు.

"ఎంతైనా అక్కడిది అక్కడిదే బాబూ. మన ఊళ్లో ఈ రుచి ఎక్కడొస్తుంది!"