గొంతు సవరించుకునే హక్కుపై దాడి

సభలో వక్త లేచి మైకు ముందుకు వస్తాడు. మొదటి మాట కంటే ముందు 'ఖ్హమ్' అంటాడు. గదిలో ఇద్దరు కూర్చుని మూడోవాడి గుణగణాలు చెప్పుకుంటుండగా ఆ మూడోవాడే గుమ్మం దాకా వస్తే, మర్యాదస్తుడైతే, తలుపు తట్టడు, గొంతు సవరించుకుంటాడు. లోపలివాళ్ళు తక్షణం ఎండావానల గురించి మాట్లాడుకోవడం మొదలుపెడతారు. ఒక్క అక్షరం పలకకుండా ఇంత పని చేసిపెట్టే సాధనాన్ని మానుకోమని చెవి, ముక్కు, గొంతు వైద్యులు సలహా ఇస్తున్నారు. ఖండించకుండా ఎలా ఊరుకోవడం?

వాళ్ళ వాదన వినండి. 'ఖ్హమ్' అన్న ప్రతిసారీ స్వరతంత్రులు ఒకదానికొకటి గట్టిగా కొట్టుకుంటాయట. ఆ దెబ్బలకు పైపొర ఒరుసుకుపోయి కాస్త వాస్తుంది. వాచినచోట ఏదో అడ్డుపడ్డట్టే ఉంటుంది. రేగిన పొర తనను తాను కాపాడుకోవడానికి మరికాస్త జిగురు ఊరుస్తుంది. దాన్ని వదిలించుకుందామని మళ్ళీ 'ఖ్హమ్'. కఫం ఉంది కాబట్టి సవరించుకుంటున్నామని మనం మొరపెట్టుకుంటే, సవరించుకుంటున్నారు కాబట్టే కఫం వదలడం లేదని తీర్పు. ఫిర్యాదీ మనమే, ముద్దాయీ మనమే!

పైగా కఫం పక్షాన సాక్ష్యాలు కూడా సిద్ధం చేసుకున్నారు. ముక్కు, సైనస్‌లు కలిసి రోజుకు సుమారు 1 లీటరు శ్లేష్మం తయారుచేస్తాయి. కంటికి కనబడని వెంట్రుకల్లాంటి శైలికలు సెకనుకు సుమారు 10 సార్లు ఊగుతూ దాన్ని గొంతులోకి నెడతాయి. మనం మింగేస్తాం, మింగినట్టు కూడా తెలియదు. అంటే అది ఎప్పుడూ అక్కడ ఉన్నదే. చిక్కబడినప్పుడో, గొంతు రేగినప్పుడో మాత్రమే మన దృష్టికి వస్తుంది. అందులో 90 శాతానికి పైగా నీరే. మిగిలిన కొద్దిపాటిలో క్రిముల గోడలు కరిగించే లైసోజైమ్ ఉంటుంది. 1922లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ దాని సంగతి లోకానికి చెప్పింది, జలుబు చేసిన మనిషి ముక్కు స్రావాన్ని పరీక్షించే. ఆయనకు పెన్సిలిన్ కనబడడానికి ఇంకా 6 ఏళ్ళుంది. పెన్సిలిన్‌కు నోబెల్ దక్కింది, చీమిడికి చేతిరుమాలు దక్కింది.

ఇంతకన్నా ఘోరం మరొకటుంది. గొంతు చూపించుకుందామని వెళితే, 'రాత్రి ఎన్నింటికి తింటారు?' అని అడుగుతారు. గొంతుకూ గడియారానికీ ఏమిటి సంబంధం? ఉందట. పొట్టలోని రసాలు ఎగదన్ని స్వరపేటికను తాకితే గొంతులో జిగురు, గరగర, పొద్దున్నే బొంగురు మొదలవుతాయట. 'నాకు ఛాతీలో మంటే లేదండీ' అని మనం సగర్వంగా ప్రకటిస్తే, 'ఇందులో చాలామందికి ఉండదు' అంటారు తాపీగా. తిన్నాక 3 గంటల దాకా నడుం వాల్చకూడదు. మంచానికి తలవైపు కోళ్ళ కింద 15 సెంటీమీటర్ల ఎత్తు పెట్టాలి. దిండు మీద దిండు వేసుకుంటానంటే ఒప్పుకోరు; నడుం దగ్గర మడతపడి పొట్ట నొక్కుకుంటుందట. అడిగింది గొంతుకు మందు, చేతికొచ్చింది వడ్రంగి పని. సిగరెట్ల ప్రస్తావన వచ్చేలోపే లేచి రావడం మంచిది.

పోనీ పాలు మానేస్తే సరిపోదా అంటే, ఆ ముచ్చటా తీరనివ్వరు. పాలు లాలాజలంతో కలిసి కాసేపు చిక్కగా అంటుకున్నట్టు అనిపిస్తుందే గానీ కఫాన్ని పెంచవంటారు. 1990లో ఆస్ట్రేలియాలో కొందరికి జలుబు వైరస్ ఎక్కించి, వాళ్ళు తాగిన పాల లెక్కను, ముక్కు నుంచి వచ్చిన స్రావం బరువును పక్కపక్కన పెట్టి చూశారు. పాలు ఎక్కువ తాగినవారికి స్రావం పెరగలేదు. సైన్సు కోసం మనుషులు ఏం తూచడానికైనా వెనుకాడరు! కఫం ఆకుపచ్చగా ఉంది కదా, యాంటీబయాటిక్ రాయమంటే అదీ రాయరు. ఆ రంగు మన తెల్లరక్తకణాల ఎంజైముదట. ముక్కు దిబ్బడ విప్పే స్ప్రేలు కూడా నాలుగైదు రోజులు దాటితే దిబ్బడనే పెంచుతాయని బెదిరింపు.

సవరింపుకు బదులు వాళ్ళు చూపే ప్రత్యామ్నాయాలు చూడండి: ఒక గుక్క నీళ్ళు తాగడం, గట్టిగా మింగడం, మెల్లగా 'మ్‌మ్' అని కూనిరాగం తీయడం. గుమ్మంలో నిలబడి కూనిరాగం తీసేవాణ్ణి చూసి ఎవరు మాట మారుస్తారు? ముక్కును ఉప్పునీటితో కడుక్కోమనడం ఒక్కటి మాత్రం పనికొచ్చేట్టుంది. అందులోనూ మెలిక ఉంది. నీళ్ళు మరిగించి చల్లార్చినవే కావాలి. నేరుగా కుళాయి నీళ్ళు పోస్తే, అరుదుగానే అయినా, ప్రాణం తీసే అమీబా ముక్కు గుండా మెదడుకు చేరవచ్చు. ఇక్కడ వైద్యులతో వాదించబోను.

ఇంకో విషయంలోనూ రాజీకి సిద్ధం. కఫంలో రక్తం పడేవారు, మింగడం కష్టమైనవారు, బొంగురు 3 వారాలు దాటినా తగ్గనివారు, మెడలో గడ్డ తగిలినవారు, కారణం తెలియకుండా బరువు తగ్గుతున్నవారు మా ఉద్యమంలోకి రావద్దు. వాళ్ళు ముందు వైద్యుడి దగ్గరకు వెళ్ళాలి, ఆయన రాత్రి భోజనం గురించి ఎన్ని ప్రశ్నలు వేసినా సరే.