మహారాజశ్రీ గట్టిపెట్టె గారికి

దివ్యసముఖమునకు,

నమస్కారములు. ఉభయకుశలోపరి. తమరు కుశలమేనని కళ్లారా చూస్తూనే ఉన్నాను, ఒంటి మీద గీత కూడా పడలేదు. నా సంగతే బాగాలేదు.

మొన్న స్కూబా డైవింగ్ చేద్దామని అండమాన్ బయల్దేరి, శంషాబాద్‌లో తమరిని బెల్టు మీద పెట్టగానే ఎర్ర అంకెలు 18.2 చూపించాయి. నాకున్నది 15 కిలోలు. నేల మీద చతికిలబడి మూత తెరిచాను. వెనక క్యూ అంతా నా బట్టలు చూసింది. కాళ్లకు తొడిగే ఫిన్స్ 2 కిలోలు, ఈతకి ఒంటికి తొడిగే వెట్‌సూట్ 1.8, నీళ్లలో తేల్చే గాలి జాకెట్టు బీసీడీ 3.6. ఖాళీగా తమరొక్కరే 6.8! కొనేరోజు షాపతను తమరి మీదెక్కి నిలబడి మరీ చూపించాడు. లారీ ఎక్కినా ఏమీ కాదన్నాడు. కాటా ఎక్కితే ఏమవుతుందో అతను చెప్పలేదు, నేనూ అడగలేదు.

అదనపు కిలోకు రేటు విన్నాక లెక్క తేలిపోయింది. బీసీడీ తీసేస్తే 14.6. దింపి వెళ్లిపోతున్న తమ్ముణ్ణి ఫోన్ చేసి వెనక్కి రప్పించి, దాన్ని వాడి చేతిలో పెట్టాను. అర్థమవుతోందా అండీ? బీసీడీ నలక్కూడదని పెట్టె కొన్నాను. పెట్టె కోసం బీసీడీని ఇంటికి పంపాను. పెళ్లికొడుకుని దింపేసి గుర్రాన్ని ఊరేగించినట్టు.

అండమాన్‌లోని హ్యావ్‌లాక్ దీవిలో దొరికిన అద్దె బీసీడీ నాకు రెండింతలున్న మనిషిది. నేను కిందికి దిగుతుంటే అది చెవులదాకా పైకొచ్చేది.

తమరిలో పెట్టడానికి మనసొప్పక, నీళ్లలో ఊపిరి అందించే రెగ్యులేటర్‌ని చేతిబ్యాగులో వేసుకున్నాను. సెక్యూరిటీ ఆయన గొట్టాలన్నీ బయటికి లాగి, "ఏంటిది, ఆక్టోపస్సా?" అన్నాడు. అందులో ఒకదాని పేరు నిజంగానే అదండీ అంటే వేళాకోళం అనుకున్నాడు.

ఇక మర్యాద నావల్ల కాదు. పోర్ట్ బ్లెయిర్‌లో దిగాక నీ మూత ఊడి రాలేదేం? 500 మీటర్ల ఎత్తునున్న హైదరాబాద్ పల్చటి గాలిని కడుపులో బిగించుకుని సముద్రం ఒడ్డుకొచ్చావు. బయటి గాలి మూతని అదిమేసింది. పక్కనున్న చిన్న వాల్వు తిప్పాలని తట్టేసరికి అరగంట. తిప్పగానే బుస్సుమన్నావు. రుషికొండలో డైవింగ్‌కి చెవులు ఈక్వలైజ్ చేసుకోవడం, అంటే లోపలి ఒత్తిడిని బయటి ఒత్తిడితో సమం చేసుకోవడం, నేర్చుకున్నవాణ్ణే, పెట్టెకీ చెవులుంటాయని నాకెవరు చెప్పారు? ఇసుకలో నీ చక్రాలు తిరగనంటే నెత్తిన మోసింది కూడా నేనే.

చివరి డైవ్ అయ్యాక విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలి. ఆ పొద్దంతా గదిలో నువ్వూ నేనూ ఎదురెదురుగా. వెట్‌సూట్ ఆరలేదు. తడి బరువుకి తిరుగు ప్రయాణంలో డబ్బు కట్టనే కట్టాను. బీసీడీ లేకుండా! ఆ డబ్బుతో ఇంకో డైవ్ చేసేవాణ్ణి కదటే పెట్టే!

ఇంటికొచ్చాక నిన్ను చూసి ముచ్చటపడింది మా అమ్మ ఒక్కతే. రబ్బరు అంచు వేలితో నొక్కి చూసి, "చీమ దూరదురా, పురుగు పట్టదు" అంది. నిన్న 25 కిలోల సోనామసూరి బస్తా నీలో ఒంపేసింది. నాలుగు వేపాకు రెబ్బలు కూడా వేసింది. అక్కడ నీ బరువు ఎవరూ అడగరు.

ఇట్లు,
మెత్తటి బ్యాగు వెతుక్కుంటున్న
నీ మాజీ కూలీ