కొండదారికి మడవ

ఈ ఏడాది విశాఖలో ఏం చేద్దామని అమెరికాలో ఉన్న మన విశాఖవాళ్ల కమిటీ అడిగినప్పుడు ముగ్గురు స్వాగత తోరణం అన్నారు, ఒకరు సిమెంటు బెంచీలన్నారు. నేను గునపాలన్నాను. అందరూ నవ్వారు. మీటింగులో చెప్పడానికి టైమ్ లేకపోయింది కాబట్టి ఇక్కడ చెబుతున్నాను.

వర్జీనియాలో ఏటా కొన్ని శనివారాలు నేను అప్పలాచియన్ ట్రెయిల్ మీద మట్టిపని చేస్తాను. 14 రాష్ట్రాల మీదుగా సుమారు 3,500 కిలోమీటర్లు పోయే ఆ కాలిదారి 1937లో పూర్తయింది. దాన్ని ఇప్పటికీ నడవనిస్తున్నది చాలావరకు జీతం లేని వాలంటీర్లే. ఒక్కో క్లబ్బుకు ఇంత దూరమని పంచుతారు. మొదటిరోజు నాకు పని నేర్పిన పెద్దావిడ చేతికి ఏ పనిముట్టూ ఇవ్వలేదు, వానలో నడిపించింది. నీళ్లు ఎటు పోతున్నాయో చూడమంది, అంతే.

చూస్తే తెలిసింది. కొండదారిని ముందు పాడుచేసేది నీరు. దారి వెంట కిందికి పరుగెడుతూ మట్టిని కోసుకుపోతుంది. కోతపడ్డ చోట నడవలేక జనం పక్కనుంచి పోతారు, అక్కడ గడ్డి చచ్చి ఇంకో కోత మొదలవుతుంది. వంపు తిరిగే ఓపిక లేనివాళ్లు నిలువునా దిగితే, ఆ అడ్డదారి వచ్చే వానాకాలానికి కాలువవుతుంది. దీనికి మందు చవకే. దారికి అడ్డంగా, కాస్త ఏటవాలుగా, ఒక పొడుగు రాయినో దుంగనో లోతుగా పాతి నీటిని పక్కకి పంపేయడం. అక్కడివాళ్లు వాటర్ బార్ అంటారు.

నిరుడు ఆషాఢంలో మావయ్యతో విశాఖలోని మాధవధార వెనక కొండెక్కాను. మావయ్య భీమిలి వైపు రైతు. మన కొండలది ఖోండలైట్ రాయి, శిథిలమై ఎర్రమట్టి అవుతుంది. ఎండలో ఇటుకలా ఉండే ఆ మట్టి నాలుగు వానలకి జారిపోతుంది. దానికి తోడు 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కొండల మీద చెట్లను ఊడ్చేసింది. తర్వాత మొక్కలు నాటడానికి మనలో చాలామంది డబ్బు పంపాం, మంచిదే. దారుల సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. మేం ఎక్కిన బాటలో ఒకచోట కోత నా మోకాలిదాకా ఉంది, వేపవేరు ఒకటి గాల్లో వేలాడుతోంది. నేను వాటర్ బార్ గురించి ఉత్సాహంగా మొదలుపెట్టాను.

"ఏటల్లుడూ, డాలర్లు సంపాదించి ఇక్కడికొచ్చి మట్టి తవ్వుతావేటి?" అన్నాడు మావయ్య. అని ఊరుకోలేదు. కోతకి పైనున్న మలుపు దగ్గర ఆగి, మడమతో ఒక గీత గీశాడు. "కింద పూడిస్తే ఏం లాభం? ఇక్కడ మడవ తిప్పాల."

పదేళ్లకి పైగా నేను చేస్తున్న పనికి తెలుగు మాట అదని అప్పుడే తెలిసింది. పొలానికి నీళ్లు కట్టే ప్రతి రైతుకూ వచ్చిన విద్య అది. ఇద్దరం కలిసి దారిలో పడున్న రాయినొకటి దొర్లించి, గీత మీద గుంట చేసి కూర్చోబెట్టాం. ఒక్క రాయికి ఎవరి అనుమతీ అడగలేదు, ఒప్పుకుంటున్నాను. పదిమంది పలుగూపారా పట్టుకుని వెళ్లాలంటే మాత్రం ఆ నేల అటవీ శాఖదో దేవస్థానానిదో కనుక్కుని కాగితం తెచ్చుకోవాల్సిందే. కంబాలకొండ అయితే అభయారణ్యం, అక్కడ కొమ్మ కూడా ముట్టకూడదు.

తోరణానికి ప్రారంభోత్సవం ఉంటుంది, శాలువా ఉంటుంది. మడవకి ఏదీ ఉండదు, పైగా ఏటా రెండుసార్లు చూసుకోవాలి: తొలకరికి ముందోసారి, అక్టోబరు, నవంబరు తుఫానులు వెళ్లాక మరోసారి. మన చిక్కల్లా ఏమిటంటే మనం సంక్రాంతికి వెళ్తాం, అప్పుడు దారులన్నీ బాగానే కనిపిస్తాయి. మన పిల్లలకు సెలవులిచ్చేది జూన్‌లో. వాళ్లను ఆ నెలలో తీసుకెళ్లి, పొద్దున్న ఐదింటికి మొదలుపెట్టి ఎనిమిదికల్లా ముగించేస్తే ఉక్కపోత బాధ కూడా కొంత తప్పుతుంది. మేస్త్రీగా మావయ్యలాంటి రైతును పెట్టుకుని కూలి ఇద్దాం. తోరణం డబ్బులో చిన్న ముక్క చాలు. దయచేసి సిమెంటు మాత్రం వద్దు. దాని మీద నీరు ఇంకా జోరుగా పరుగెత్తి అంచుల కింద మట్టి తినేస్తుంది.

"మనవాళ్లు వంగి పనిచేస్తారా?" అని కమిటీలో ఒకాయన అడిగారు. సింహాచలం మెట్లు వెయ్యి పైచిలుకు. మొక్కుకుని మెట్టుమెట్టుకూ వంగి పసుపు రాసి బొట్టు పెట్టే ఆడవాళ్లను నేను చిన్నప్పటినుంచీ చూస్తున్నాను. మా అమ్మ కూడా చేసింది, మోకాళ్ల నొప్పులతోనే.

మొన్న జూలైలో మావయ్య వాట్సాప్‌లో ఫోటో పంపాడు. మలుపు దగ్గర నీరు ఎర్రగా లోయవైపు తిరిగింది. కింద ఒక లైను: "రాయి ఓ పక్క కదిలింది. నువ్వొచ్చేటప్పుడు మంచి గునపం ఒకటి కొనాల."