ట్యాంకులోకి ఏ నీళ్లు పోతున్నాయి?

నల్గొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు వైపు ఊళ్లలో ఇప్పటికీ కొందరు పెద్దవాళ్లను వెనక నుంచి పిలిస్తే మెడ తిరగదు, మనిషే మొత్తం తిరగాలి. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ వెన్ను బిగించేసిన తరం అది. అందుకే 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో, ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే తెలంగాణ ప్రభుత్వ పథకం మిషన్ భగీరథ పైలాన్ లేచినప్పుడు ఈ ప్రాంతం అంత ఆశపడ్డది. కృష్ణా నీళ్లు వచ్చాయి, కాదనను. నా బాధంతా ఊరి ట్యాంకు దగ్గరే.

శుద్ధి చేసిన నీళ్లు పెద్ద పైపుల్లో ఊరి ట్యాంకు దాకా వస్తాయి. అక్కడి నుంచి నల్లా దాకా చూసుకోవాల్సింది పంచాయతీ. మనిషికి రోజుకు 100 లీటర్లని లెక్క. అంటే 1,200 మంది ఉన్న ఊరికి 1,20,000 లీటర్లు కావాలి. ట్యాంకు 60,000 లీటర్లదైతే రోజుకు రెండుసార్లు నిండాలి. ఎక్కడో పైపు పగిలినా, కరెంటు పోయినా ఒక్కసారే నిండుతుంది. ఎత్తు మీది వాడకు చుక్క రాదు. బిందెలు పట్టుకొని అందరూ నీళ్లు వదిలే మనిషి మీద పడతారు.

అప్పుడాయన పాత బోరు స్టార్టర్ నొక్కుతాడు. ఆ బోరు పైపు ఇప్పటికీ అదే ట్యాంకుకు కలిసి ఉంది. మా ఊళ్లో ఆ పని చేసేది నాకు చిన్నాయన వరస. నడుముకు గేట్‌వాల్వ్ తిప్పే ఇనుప తాళం, చేతులకు బ్లీచింగ్ పౌడర్ వాసన. ఎందుకు కలుపుతున్నావని అడిగితే, "బోరు ఎయ్యకపోతే ముందు తిట్టేది మీ అమ్మనే బిడ్డా" అన్నాడు. ఆయన తప్పని నేననను. జీతమే నెలల తరబడి ఆగే మనిషి ఊరందరితో గొడవ పెట్టుకోలేడు.

కానీ బిందెలోకి వచ్చేది ఏమిటి? ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. కాచినా పోదు, నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావు. బోరులో 4 ఉంటే, కృష్ణా నీళ్లతో సగం సగం కలిపినా 2కు తగ్గదు. వేల కోట్ల పైపులైను తెచ్చిన మంచిని ఒక్క స్టార్టర్ బటన్ తీసేస్తుంది.

నల్లా మీద నమ్మకం లేని ఇళ్లు ఫిల్టర్ నీళ్ల క్యాన్లు కొంటున్నాయి. కొనలేని ఇంటి పిల్లలు కలిపిన నీళ్లే తాగుతారు. నాకు టెన్షన్ వాళ్ల గురించే.

బోరు మూసెయ్యమని నేననడం లేదు. పశువుల తొట్టికి, బట్టలు ఉతకడానికి వేరే లైన్ వెయ్యండి. భగీరథ నీళ్లు రాని రోజు పంచాయతీ మైకులో "ఇవాళ ఇవి వాడకం నీళ్లే, తాగొద్దు" అని చెప్పి, తాగడానికి ట్యాంకర్ పెట్టండి. ట్యాంకు కాళ్ల మీద కడిగిన తేదీ ఎలాగూ రాస్తున్నారు, దాని కిందే ఫ్లోరైడ్ పరీక్షలో ఎంత వచ్చిందో రాయండి. దాదాపు రెండేళ్లు సర్పంచులు లేక, ప్రత్యేకాధికారులతో నడిచాయి ఊళ్లు. 2025 డిసెంబర్‌లో గెలిచి వచ్చిన కొత్త సర్పంచులు సీసీ రోడ్డు కన్నా ముందు ట్యాంకు దగ్గరికి పోయి చూడాలి. బోరు పైపును ట్యాంకు నుంచి విడగొట్టి బిరడా బిగించడానికి ప్లంబర్‌కు ఒక పూట చాలు.