బైపీసీ గ్రూపు గారికి నమస్కరించి వ్రాయునది

మహారాజశ్రీ బైపీసీ గ్రూపు గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి. కానీ నిన్న ఆదివారం మధ్యాహ్నం నుంచి మా ఇంట్లో కుశలం లేదు.

పదో తరగతి లెక్కల్లో 38 మార్కులతో గట్టెక్కిన నన్ను మీరు గుమ్మంలోకి పిలిచినప్పుడు ఇచ్చిన మాట గుర్తుందా? "లెక్కలుండవు." కప్ప బొమ్మ వేసుకో, బోటనీ రికార్డు రాసుకో, లెక్కలుండవు. ఊరంతా అదే చెప్పింది, మా లెక్కల మాస్టారితో సహా. ఆయనైతే మరీ సంతోషంగా చెప్పారు.

నిన్న భోజనాలయ్యాక, ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి జువాలజీ పుస్తకం పట్టుకొచ్చింది. ఒక జనాభాలో 16 శాతం మందికి రెసెసివ్ లక్షణం (అమ్మ నుంచీ నాన్న నుంచీ అదే జన్యువు వస్తేనే బయటపడేది) ఉంది, హెటిరోజైగస్ వాళ్ళు (ఆ జన్యువు ఒక వైపు నుంచే వచ్చినవాళ్ళు) ఎంత మంది? జువాలజీయే కదా అని కళ్ళజోడు పెట్టుకున్నాను. చూద్దును కదా, పీ స్క్వేర్ ప్లస్ టూ పీక్యూ ప్లస్ క్యూ స్క్వేర్! ఇది మన ఏ ప్లస్ బీ హోల్ స్క్వేరే కదండీ. తొమ్మిదో తరగతిలో నన్ను బెంచీ ఎక్కించిన శాల్తీ. పేరు మార్చుకుని, హార్డీ-వైన్‌బర్గ్ అని బోర్డు కట్టుకుని మీ ఇంట్లో కాపురం పెట్టింది.

హార్డీ అంటే 1913లో మన రామానుజన్ మద్రాసు నుంచి ఉత్తరం రాసింది ఆయనకే. అంతకు అయిదేళ్ళ ముందే, 1908లో, మీ ఇంట్లో ఈ బండ వేసి వెళ్ళాడు. పోనీ ఆయన లెక్కలాయన, పుట్టుబుద్ధి. అదే ఏడు విడిగా అదే లెక్క తేల్చిన వైన్‌బర్గ్, స్టట్‌గార్ట్‌లో డాక్టరు. డాక్టరండీ! డాక్టరయ్యేవాడికి లెక్కలెందుకు అనే కదా మీ దుకాణం నడిచేది?

క్యూ స్క్వేరంటే ఆ 16 శాతమేనట, పీ, క్యూ కలిపితే ఒకటట. 0.16కి వర్గమూలం 0.04 అన్నాను. ధీమాగా అన్నాను. టూ పీక్యూ, అంటే హెటిరోజైగస్, 7.68 శాతమని తేల్చి కాఫీ అడిగాను. "నాన్నా, 0.04ని 0.04తో గుణించు" అంది పిల్ల. 0.0016 వచ్చింది. మళ్ళీ గుణించాను. మళ్ళీ అదే. మూడు గంటల తర్వాత మూలం 0.4 అనీ, జవాబు 48 శాతమనీ తేలింది. అప్పటికి కాఫీ మీద మీగడ కట్టింది.

మెండెల్ 7324 బఠానీ గింజలు లెక్కపెట్టినప్పుడే అనుమానం రావాల్సింది. 5474 గుండ్రనివి, 1850 ముడతలవి. మేం 3:1 అని బట్టీ కొట్టి పారిపోయాం. ఇక నీట్‌లో 45 ఫిజిక్స్ ప్రశ్నలు, అదీ కాలిక్యులేటర్ లేకుండా. దాని గురించి ఇంకో ఉత్తరం రాస్తాను.

కోపం లెక్కల మీద కాదండీ, మీ మీదే. నాది మందుల షాపు. ఎనిమిది కిలోల పాపకి డాక్టరు జ్వరం మందు రాస్తే, కిలోకి 15 మిల్లీగ్రాముల చొప్పున 120 సరిపోయిందా, అది ఈ సీసాలో ఎన్ని మిల్లీలీటర్లు అని క్షణంలో చూసి చెబుతాను. పాతికేళ్ళుగా చెబుతున్నాను. "అది లెక్క కాదా నాన్నా?" అంది మా అమ్మాయి. కాదనే అనుకున్నాను ఇన్నాళ్ళూ! పదిహేనేళ్ళ పిల్లవాడి చెవిలో నీకు లెక్కలు రావని ఊది, అదేదో వరమైనట్టు అడ్మిషన్ ఇచ్చారే, సిగ్గుండక్కర్లా?

ఇట్లు,
మీ పూర్వ విద్యార్థి

తా.క. ఈ రాత్రికి పీహెచ్ లెక్కలట, లాగరిథమ్స్. పదకొండు దాటేదాకా షాపు మూయదలచుకోలేదు.