ఆరబెట్టిన మట్టిలో నేల ఆరోగ్యం దొరకదు

మట్టి పరీక్షకు తెచ్చిన నమూనాను ముందు నీడలో ఆరబెడతారు. గడ్డలు చిదిపి, వేర్లూ రాళ్లూ ఏరేసి, రెండు మిల్లీమీటర్ల జల్లెడ పడతారు. నత్రజని, భాస్వరం, పొటాష్, ఉదజని సూచిక లెక్కలన్నీ ఆ తర్వాతే. వాటికి ఆ పద్ధతే సరైనది, కాదనను. కానీ మట్టి ఆరుతున్నప్పుడే అందులో శిలీంధ్రాలు వదిలిన వాయువులు ఎగిరిపోతాయి. అవి పోగా మిగిలినదాన్ని కొలిచి, దానికి నేల ఆరోగ్యం అని పేరు పెడుతున్నాం. నా అభ్యంతరం అక్కడే.

త్వరగా ఆవిరయ్యే ఈ కర్బన సమ్మేళనాల్లో ఆల్కహాల్‌లు, కీటోన్‌లు, టెర్పీన్‌లు, గంధకం కలిసినవి ఇలా వందల రకాలున్నాయి. పుట్టగొడుగుకు ఆ వాసన తెచ్చే 1-ఆక్టెన్-3-ఆల్ వాటిలో ఒకటి. శిలీంధ్రపు పోగు చేరలేని చోటికి, మట్టి రేణువుల మధ్య ఖాళీల గుండా దాని వాయువు చేరుతుంది. నీటిలో కంటే గాలిలో అణువులు దాదాపు పదివేల రెట్లు వేగంగా వ్యాపిస్తాయి మరి.

ట్రైకోడెర్మా అనే శిలీంధ్రం సంగతే చూడండి. కొన్ని రకాలను పెంచిన పళ్లెం మూత తీస్తే కొబ్బరి వాసన గుప్పుమంటుంది. అది 6-పెంటైల్-ఆల్ఫా-పైరోన్. రైజోక్టోనియా, ఫ్యుజేరియం వంటి తెగులు శిలీంధ్రాల పెరుగుదలను అణచివేసే పదార్థం కూడా అదే. ట్రైకోడెర్మా తాకకుండానే, కేవలం వాయువులతో శత్రువును నిలువరించగలదని డెన్నిస్, వెబ్‌స్టర్ అనే శాస్త్రవేత్తలు 1971లోనే ప్రచురించారు. జీవ శిలీంధ్రనాశినిగా ట్రైకోడెర్మా పొడి నేడు ఎందరికో తెలుసు. ఆ పొడి నేలలో చేసే పనిలో కొంత భాగం గాలి ద్వారా జరుగుతుందని తెలిసినవాళ్లు తక్కువ.

నన్ను ఇంతకంటే కదిలించింది 2015లో వచ్చిన ఒక పరిశోధన. లక్కేరియా బైకలర్ అనే శిలీంధ్రం చెట్ల వేర్లతో జతకట్టి బతుకుతుంది. దాన్నీ మొక్కనూ ఒకదాన్నొకటి తాకని విధంగా వేరుచేసి పెంచారు. అయినా శిలీంధ్రం వాయువులుగా వదిలిన సెస్క్విటెర్పీన్‌లు సోకి వేరుకు పక్క వేర్లు ఎక్కువగా వచ్చాయి. అలాంటి శిలీంధ్రాలతో అసలు జతకట్టని, ప్రయోగాల్లో వాడే అరాబిడాప్సిస్ అనే చిన్న మొక్క కూడా అలాగే స్పందించింది. అంటే వేరు ఎంత చీలాలన్న నిర్ణయంలో ఎరువు ఒక్కటే కాదు, పక్కనున్న శిలీంధ్రపు ఊపిరి కూడా ఉంది!

ఇవన్నీ మూత బిగించిన పళ్లెంలో ముచ్చట్లు, పొలంలో నిలవవు అనేవాళ్లున్నారు. వారి మాటలో బలం ఉంది. మూసిన పళ్లెంలో పోగయ్యే కార్బన్ డయాక్సైడ్ వల్లే మొక్క ఏపుగా పెరిగిన సందర్భాలు ఉన్నాయి. బంకమట్టి, సేంద్రియ పదార్థం ఈ అణువులను పట్టేసుకుంటాయి కూడా. అయితే దానికి జవాబు పొలానికి వెళ్లి కొలవడమే గానీ, కొలత మానుకోవడం కాదు.

కొలవకపోవడం వల్ల ఏం చేశామో మిథైల్ బ్రోమైడ్ చెబుతుంది. నేలపై ప్లాస్టిక్ పట్టాలు పరిచి, కిందికి ఆ విషవాయువును ఎక్కించి, తెగులుతో పాటు తెగులును ఆపే శిలీంధ్రాలనూ చంపేశాం. ఓజోన్ పొర దెబ్బతింటోందని 1992లో దాన్ని మాంట్రియల్ ఒప్పందం కిందికి తెచ్చారు. కొన్ని మినహాయింపులు వదిలేస్తే, అభివృద్ధి చెందిన దేశాలకు 2005, మిగతా దేశాలకు 2015 గడువు. అంటే ఆపింది ఆకాశానికి జరిగిన నష్టాన్ని చూసి. నేలకు జరిగిన నష్టం ఆ లెక్కలోకి రానేలేదు. బస్తాల్లో, డబ్బాల్లో పోసి అమ్మగలిగిన వాటికే మన వ్యవసాయ శాస్త్రం కొలతలు తయారుచేసుకుంది. ఇప్పుడు శిలీంధ్ర వాయువులనూ సీసాలోకి ఎక్కించి అమ్మాలన్న ఆలోచన మొదలైంది. చల్లిన వాయువు కాసేపట్లో చెదిరిపోతుంది. నేలలో బతికున్న శిలీంధ్రమైతే దాన్ని రోజూ తయారుచేస్తుంది.

కాబట్టి అడుగుతున్నది ఇది. దున్నే మడి, దున్నని మడి పక్కపక్కనే ఏళ్ల తరబడి సాగుతున్న పరిశోధన క్షేత్రాల్లో, తడి మట్టి రంధ్రాల గాలిని వాయువులను పీల్చి పట్టుకునే గొట్టాల్లో పట్టి, వాటిని విడదీసి గుర్తించే గ్యాస్ క్రోమటోగ్రఫీలో చూడండి. పనిముట్లు ప్రయోగశాలల్లో ఇప్పటికే ఉన్నాయి. ఆ వచ్చే అంకెలను అదే మడిలోని వేరుకుళ్లు లెక్కల పక్కన పెట్టి ప్రచురించండి.