పదిహేడు ఇళ్లు, పదిహేడు గ్లాసుల మంచినీళ్లు

మనవరాలికి పెళ్లిచూపులని మా అమ్మ తెనాలి బంధువులందరికీ వాట్సాప్‌లో చెప్పేసింది. ఇందులో ఆవిడ తప్పేమీ లేదు. ఆర్నెల్లు ఉండి వెళ్దామని డాలస్ వచ్చిన మనిషి. వచ్చిన వారంలో ఆవిడ ఏమేం చూసిందో వరసగా చెబుతాను, మీరే తీర్పు చెప్పండి. పిల్లకు ఫొటోలు తీయడానికి మనిషి వచ్చాడు. పుట్టిన ఊరు, చదివిన చదువు, చేసిన సేవ, వచ్చిన కళలు రాసి, పైన ఫొటో పెట్టిన బయోడేటా ఒకటి తయారైంది. రోజుకో జత లెక్కన బట్టలు కొన్నారు. పళ్లు తెల్లబరచడానికి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. "మరీ ఎక్కువ మాట్లాడకు, అలాగని మూగమొద్దులా కూర్చోకు" అంటూ మా ఆవిడ పిల్లని అద్దం ముందు నిలబెట్టి నేర్పుతోంది. ఇదంతా చూసిన ఏ తెలుగు పెద్దావిడైనా ఇంకేమనుకుంటుంది?

"అబ్బాయేం చేస్తాడ్రా?" అంది.

"అబ్బాయి లేడమ్మా. ఇల్లు."

"అబ్బాయి లేకుండా ఇల్లేంట్రా! సరే, వాళ్లు మనింటికి ఎప్పుడొస్తారు?"

"వాళ్లు రారు. పిల్లే వెళ్లాలి. మొత్తం పదిహేడు ఇళ్లు."

అమ్మ కాసేపు గోడకేసి చూసింది. "పదిహేడిళ్లకు మన పిల్లే వెళ్లి చూపించుకుని రావాలా? ఎవరికి పుట్టిన బుద్ధిరా ఇది?"

ఎవరికి పుట్టిందో చెప్పడం కొడుకుగా నా ధర్మం. పిల్ల ఈ ఏడాది కాలేజీలో చేరుతోంది. ఆ పదిహేడూ అక్కడి ఆడపిల్లల సంఘాల ఇళ్లు, వాటిలో ఒకటి తనను సభ్యురాలిగా తీసుకోవాలి. 1851లో జార్జియా రాష్ట్రం మేకన్‌లోని వెస్లియన్ కాలేజీలో ఆడపిల్లలు కొందరు చేరి ఒక రహస్య సంఘం పెట్టుకున్నారు. అదే ఇప్పటి ఆల్ఫా డెల్టా పై. తర్వాత ఒక్కో కాలేజీలో ఒక్కోటి మొదలైంది. మగపిల్లల సంఘాలు ఆడపిల్లల్ని రానివ్వని రోజులవి. మా బ్యాడ్జి పెట్టుకుని తిరుగు, సభ్యత్వం మాత్రం అడక్కు అన్నారట ఒకమ్మాయిని. అలాంటప్పుడు నాకే ఒక సంఘం ఉండాలనుకుని ఆవిడ 1870లో కప్పా ఆల్ఫా థీటా పెట్టిందని ఆ సంస్థవాళ్లు చెప్పుకుంటారు. మొదట్లో వీటినీ ఫ్రెటర్నిటీలనే, అంటే అన్నదమ్ముల సంఘాలనే పిలిచేవారు. 1882లో సిరక్యూస్‌లో ఒక లాటిన్ మాస్టారు ఇదేం బాగాలేదని 'సొరోరిటీ', అంటే అక్కచెల్లెళ్ల సంఘం అనే మాట సూచించారు. 1902లో ఇలాంటి సంఘాలు కొన్ని కలిసి ఒక జాతీయ సమాఖ్య పెట్టుకున్నాయి. ఇప్పుడందులో ఇరవైకి పైగా సంస్థలున్నాయి. తమను లోపలికి రానివ్వలేదని బాధపడ్డ పిల్లలు సొంతంగా ఇళ్లు కట్టుకున్నారు. కట్టుకున్నాక, ఎవరిని రానివ్వకూడదో తేల్చడానికి ఏటా ఆగస్టులో ఒక వారం కేటాయించారు. ఆ వారం పేరే రష్.

"పేర్లేంట్రా అలా ఉన్నాయి? కప్పా, గామా..."

"గ్రీకు అక్షరాలమ్మా. వాటి అసలు అర్థం లోపలున్నవాళ్లకే తెలుస్తుంది."

"మీ తానా, ఆటా, నాటా లాంటివన్నమాట."

"వాటిలో ఎవరైనా చేరొచ్చమ్మా."

"చేరినవాళ్లు చీలిపోయి ఇంకోటి పెట్టొచ్చు కూడా" అంది అమ్మ. ఆర్నెల్ల వీసా మీద వచ్చిన మనిషికి ఇంత అవగాహన ఎక్కణ్నుంచి వచ్చిందో నాకిప్పటికీ తెలీదు.

ఇక సన్నాహాలు. రష్ కన్సల్టెంట్లని ఒక వృత్తివారు ఈ దేశంలో ఉన్నారు. వేల డాలర్లు తీసుకుని, పిల్ల ఎలా నవ్వాలో, ఎలా కూర్చోవాలో, ఇన్‌స్టాగ్రామ్‌లో ఏ ఫొటో తీసేయాలో చెబుతారు. మేమూ ఒకావిడను పెట్టుకున్నాం. ఆవిడ ఇచ్చిన పద్నాలుగు పేజీల సూచనల్లో మొదటిది, "నువ్వు నీలాగే ఉండు." మిగతా పదమూడున్నర పేజీలు, అలా ఉండకుండా ఉండటమెలాగో వివరించాయి. బూట్ల గురించి ఒక పేజీ ఉంది. కొత్తవే అయినా కంపెనీవాళ్లే కాస్త మురికి పూసి, అరిగించి అమ్మే తెల్ల బూట్లు కొనాలట. జత 500 డాలర్ల పైమాటే. మా అమ్మ వాటిని వంటసోడా వేసి ఒక పూటంతా తోమింది. మురికి పోలేదు. ఎందుకు పోదో చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

సంభాషణకు ఇంకో పేజీ. ఎత్తకూడని విషయాలు ఐదు, ఇంగ్లీషులో ఐదూ 'బి'తోనే మొదలవుతాయి. తెలుగులోకి తెస్తే అవి ఐదూ 'మ'తో మొదలవడం మన భాష గొప్పతనం: మగపిల్లలు, మందు, మతం, మనీ, మంత్రులు. వీటికి పంచమకారాలని పేరు పెట్టి పిల్లచేత బట్టీ పట్టించాను. ఆ సాయంత్రం వీటిని వదిలేసి ఇంట్లో మనం మాట్లాడుకోగలమా అని ప్రయోగాత్మకంగా భోజనాల దగ్గర కూర్చున్నాం. పప్పులో ఉప్పు తగ్గిందన్న ఒక్క మాట తప్ప చేతులు కడుక్కునేదాకా ఎవరి నోటా మరో మాట రాలేదు.

సిఫారసు ఉత్తరాల దగ్గర మాకు నిజంగానే టెన్షన్ పట్టుకుంది. ఏ ఇంటికి వెళ్తున్నామో ఆ ఇంట్లో పూర్వం సభ్యురాలిగా ఉన్న ఒకావిడ మన పిల్ల గురించి నాలుగు మంచి మాటలు రాయాలన్నది అమెరికా దక్షిణాది రాష్ట్రాల ఆనవాయితీ. అమ్మో అక్కో అదే సంస్థలో ఉండి ఉంటే ఆ పిల్లకి 'లెగసీ' అని పేరు. మన భాషలో ఇంటిపేరు, గోత్రం. ఇరవై రెండేళ్లుగా ఈ దేశంలో ఉన్నా. హెచ్1బీ లాటరీ నుంచి గ్రీన్‌కార్డు క్యూ దాకా అన్నీ చూసినవాణ్ణి. నాకు తెలిసిన ఆడవాళ్లలో ఒక్కరు కూడా కప్పాలు కాదు, డెల్టాలు కాదు. అందరూ జేఎన్‌టీయూ. ఈ మధ్య కొన్నేళ్లుగా చాలా సంస్థలు ఉత్తరాలు అక్కర్లేదు, లెగసీకి ప్రత్యేక మర్యాద లేదు అని ప్రకటించాయట. అమ్మకు చదివి వినిపించాను. "మాకు కట్నం అక్కర్లేదు, మీ పిల్లకు మీరేం పెట్టుకుంటారో మీ ఇష్టం అనేవాళ్లు చూడు, వాళ్ల దగ్గరే జాగ్రత్తగా ఉండాలి" అంది. మర్నాడే ఉత్తరాల వేట తిరిగి మొదలెట్టాను.

మన పిల్లలు పెట్టుకున్న సొరోరిటీలు లేవా అని మీరు అడగొచ్చు. ఉన్నాయి. డెల్టా ఫై ఒమెగా 1998లో హ్యూస్టన్ యూనివర్సిటీలోనే పుట్టింది, దక్షిణాసియా అమ్మాయిల సంస్థ. ఆస్టిన్‌లో కప్పా ఫై గామాదీ అదే సంవత్సరం. ఇంటి దగ్గరి సంబంధం కదా అని నేను ప్రస్తావించాను కూడా. "అక్కడ అందరూ ఆంటీల కూతుళ్లే ఉంటారు నాన్నా" అంది మా అమ్మాయి. అంతటితో ఆ అధ్యాయం ముగిసింది.

యూనివర్సిటీ పేరు చెప్పను. ఇంకా నాలుగేళ్లు ఫీజు కట్టాలి. దక్షిణాదిలోనే ఒక పెద్దది అనుకోండి. ఈ విషయంలో లోకమంతా చెప్పుకునేది టస్కలూసా ఊళ్లోని అలబామా యూనివర్సిటీ గురించి. 2021 ఆగస్టులో అక్కడి అమ్మాయిలు ఇవాళ నేను వేసుకున్నవి ఇవీ అంటూ టిక్‌టాక్‌లో పెట్టిన వీడియోలు ప్రపంచమంతా చూసింది. గౌను ఎక్కడిది, గాజు ఎక్కడిది, చెవిపోగు ఎక్కడిది అని తల నుంచి పాదం దాకా లెక్క చెప్పడం చూసి లోకం ముక్కున వేలేసుకుంది. మనకు మాత్రం పేరంటానికి వచ్చినవాళ్లు అడిగే ప్రశ్నలకు వీళ్లు అడక్కుండానే జవాబులు చెబుతున్నారనిపించింది.

పైగా మా పిల్ల రష్ వారం శ్రావణమాసంలో వచ్చింది. ఇంట్లో వరలక్ష్మీ వ్రతానికి అమ్మ కలశం సర్దుతుంటే అక్కడ పిల్ల ఎండలో ఇల్లిల్లూ తిరుగుతోంది. మొదటి రెండు రోజులు ఓపెన్ హౌస్. తలుపు తెరుచుకోగానే ఒకరి మీద ఒకరిని పేర్చినట్టు గుమ్మం నిండా అమ్మాయిలు, చప్పట్లు, కేకలు, పాట. తర్వాత ఒకమ్మాయి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి మాట్లాడుతుంది, నాలుగు నిమిషాల్లో ఇంకో అమ్మాయి వచ్చి ఆమె స్థానంలో నిలబడుతుంది, ఇంకో నాలుగు నిమిషాలకు ఇంకొకరు. బయటికి రాగానే లోపల మార్కులు పడతాయి.

రాత్రి ఫోన్లో అమ్మ ఒక్కటే ప్రశ్న అడిగేది. "ఏం పెట్టారే?"

"మంచినీళ్లు, నానమ్మా."

"అంతేనా?"

"ఫస్ట్ రౌండ్‌లో అంతే. రూల్."

అమ్మ నమ్మలేదు. పంచాంగం వెనక అట్ట మీద పదిహేడు గడులు గీసి, ఒక్కో ఇంటి ఎదురుగా 'నీళ్లు' అని రాసుకుంటూ పోయింది. లడ్డూ, మిక్స్చరూ పెట్టకుండా పిల్లను చూసి పంపించే వంశాల మీద ఆవిడకు ఏర్పడిన అభిప్రాయం ఇక్కడ రాయలేను. పదకొండో ఇంటి దగ్గర మాత్రం చిన్న టిక్కు పెట్టింది. అక్కడ ఒకమ్మాయి, "పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నావా? ముందు కూర్చో, ఏమీ మాట్లాడక్కర్లేదు" అని గ్లాసు చేతికిచ్చిందట. "ఆ ఇల్లు మంచిదిరా" అంది అమ్మ నాతో. "మర్యాద తెలిసినవాళ్లు."

దారి చూపించడానికి రో గామా అని ఒక సీనియర్ ఉంటుంది. తనది ఏ ఇల్లో ఆ వారమంతా దాచిపెట్టి అందరికీ సమానంగా సలహా ఇవ్వడం ఆమె వ్రతం. పెళ్లిళ్ల పేరయ్యలు కూడా ఇలాగే చెప్పుకునేవారు.

ఇక ఎంపిక పద్ధతి. ఇక్కడ నాకు తొలిసారి కాస్త ఛాతీ పొంగింది. ప్రతి దశలోనూ పిల్ల తనకు నచ్చిన ఇళ్లను వరస పెట్టి ఇస్తుంది, ఇళ్లు తమకు నచ్చిన పిల్లల్ని వరస పెట్టి ఇస్తాయి, కంప్యూటర్ రెండూ కలిపి చూస్తుంది. పొద్దున్నే ఫోన్‌కి జాబితా వస్తుంది. కన్సల్టెంటు గంటకింత తీసుకుని చివరికి చెప్పిందేమిటంటే, ఒక్క ఇంటి మీదే ఆశ పెట్టుకోకండి, వచ్చినవన్నీ ఆప్షన్లలో ఉంచండి అని. అమ్మా తల్లీ, మా తమ్ముడి కొడుక్కి డాలస్ నుంచి ఫోన్లో ఎంసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టించినవాణ్ణి నేను. నూట ఎనభై ఆప్షన్లు పెట్టించాను, ఒక్కటీ వృథా పోనివ్వలేదు. ఈ మాట మా విజయవాడలో నెట్ సెంటర్ కుర్రాడు యాభై రూపాయలకు చెబుతాడు.

మూడో రోజు జాబితాలో పదిహేడు కాస్తా ఎనిమిదయ్యాయి. పిల్ల ఏడ్చింది. నీలో లోపమేం లేదు, ఇద్దరికీ ఒకరికొకరు సరిపడాలి, అంతే అని రో గామా ఓదార్చింది. నేను అమ్మకు దాన్ని తెలుగు చేసి చెప్పాను.

"జాతకాలు కలవలేదన్నారు. అంతేగా" అంది అమ్మ.

తెలుగు దేశంలో ఆ మాటకు అర్థం అందరికీ తెలుసు. పిల్ల చామనఛాయ అయినా, కట్నం చాలకపోయినా, అన్న తాగుబోతని ఎవరో చెవినేసినా ఎవరూ పైకి చెప్పరు. గ్రహాల మీద పెడతారు. ఎవరికీ నొప్పి తగలదు, గ్రహాలు వచ్చి సంజాయిషీ ఇవ్వవు. అలబామాలోనూ చాలాకాలం నల్లజాతి అమ్మాయిల జాతకాలు ఆ పెద్ద ఇళ్లలో ఇంచుమించు దేనితోనూ కలిసేవి కావు. 2013 సెప్టెంబరులో విద్యార్థుల పత్రిక 'క్రిమ్సన్ వైట్' ఈ సంగతి బయటపెట్టింది. మంచి మార్కులున్న అమ్మాయిని తాము తీసుకుందామనుకున్నా, పాత సభ్యురాళ్లు అడ్డుపడ్డారని లోపలి పిల్లలే చెప్పారు. గవర్నర్ వాలెస్ నల్లజాతి విద్యార్థుల్ని అడ్డుకోవడానికి అదే యూనివర్సిటీ గుమ్మంలో నిలబడింది 1963లో. సరిగ్గా యాభై ఏళ్లు. గొడవయ్యాక యూనివర్సిటీ మళ్లీ తలుపులు తెరిపించింది, కొందరు నల్లజాతి అమ్మాయిలకు పిలుపులు వచ్చాయి. గ్రహాలు ఒక్క వారంలో అంత వేగంగా కదలడం జ్యోతిష చరిత్రలోనే అరుదు. (నల్లజాతి అమ్మాయిలు అందాకా చేతులు కట్టుకుని కూర్చోలేదనుకోండి. హొవార్డ్ యూనివర్సిటీలో వాళ్ల సొరోరిటీ ఆల్ఫా కప్పా ఆల్ఫా 1908లోనే పుట్టింది. అమెరికా ఉపాధ్యక్షురాలిగా పనిచేసిన కమలా హారిస్ అందులో సభ్యురాలు.)

ఇదంతా చదివిన నేను, ఇక చాలమ్మా, ఇంటికొచ్చెయ్ అని పిల్లకు చెప్పి ఉంటానని మీరనుకుంటే నన్ను మీరు చాలా పెద్దమనిషిని చేస్తున్నట్టే. మిగిలిన ఎనిమిదింటిలో ఏది గొప్పదో వెదుకుతూ ఆ రాత్రి రెండింటిదాకా కూర్చున్నాను.

చివరి రోజుకు ముందు ప్రిఫరెన్స్ అనే రౌండు. మిగిలినవి రెండే ఇళ్లు. సన్నటి దీపాలు, కొవ్వొత్తులు, సీనియర్లు తమ కథలు చెబుతూ కన్నీళ్లు. ఈసారి స్వీటు పెట్టారు. "కుదరకుండానే అప్పగింతలేంట్రా!" అంది అమ్మ, గడిలో 'కేకు' అని రాస్తూ.

మర్నాడు బిడ్ డే, అంటే ఏ ఇల్లు ఎవరిని తీసుకుందో చెప్పే రోజు. వందల మంది పిల్లలు ఒక్కసారే కవర్లు చించి, కేకలు పెట్టి, తమ ఇంటివైపు పరుగులు తీశారు. మా అమ్మాయీ పరిగెత్తింది, ఆ అరిగిన కొత్త బూట్లతోనే. సాయంత్రానికల్లా ఫీజు వివరాలు నాకు ఈమెయిల్‌లో వచ్చాయి. సెమిస్టర్‌కింత, భోజనానికింత, టీషర్టులకింత. అమ్మకు చూపించలేదు. చూపిస్తే కట్నం అని ఖాయం చేసేస్తుంది.

రాత్రి వీడియో కాల్‌లో పిల్ల కొత్త జెర్సీ వేసుకుని కనిపించింది. వెనక ఎవరో పాడుతున్నారు. అమ్మ పంచాంగం తెచ్చుకుని కళ్లజోడు పెట్టుకుంది.

"ఏ ఇల్లే? ఆ గ్లాసు చేతికిచ్చి కూర్చోమన్న పిల్ల ఉన్న ఇల్లే కదూ?"

"కాదు నానమ్మా. ఆ హౌస్ నన్ను మూడో రోజే డ్రాప్ చేసింది."

అమ్మ టిక్కు పెట్టిన గడి మీద వేలు పెట్టి కాసేపు అలాగే ఉంది.

"పోనీలే బంగారం. జాతకాలు కలిసుండవు."